అంకమ్మరావు కొండ దిగిన వైనం

అంకమ్మరావుకు ఎక్కడమంటే భయం లేదు. దిగడమంటేనే భయం. పుట్టి పెరిగింది పెడనలో. ఆ చుట్టుపక్కల నేలంతా చాప పరిచినట్టు ఉంటుంది. ఎత్తైన చోటంటే కాలువ గట్టే. చిన్నప్పుడు ఒకసారి ఆ గట్టు మీద నుంచి తండ్రి సైకిలును తానే దింపబోయి, వెనక కట్టిన చీరల మూటతో సహా కాలువలోకి పోయాడు. చీరలు మర్నాటికి ఆరాయి. భయం మాత్రం ఆరలేదు.

అలాంటి మనిషి నలభై దాటాక కొండల్లో తొక్కే సైకిలు కొన్నాడంటే ఆ పుణ్యం డాక్టరుది. రెండువేల అయిదులో ఆయన ఇతన్ని పరీక్ష చేసి, షుగరు గడప దగ్గర నిలబడి ఉంది, లోపలికి రానివ్వకుండా చూసుకోమన్నాడు. రోజూ పొద్దున్నే నడవమన్నాడు. అంకమ్మరావు పటమటలో కొన్నాళ్ళు నడిచాడు. వన్ టౌన్‌లో అతనిది చేనేత బట్టల హోల్‌సేలు కొట్టు కావడంతో నాలుగు అడుగులకొకరు ఆపి, పెళ్ళిచీరలు ఎప్పుడొస్తాయనో, మంగళగిరి జరీ అంచు ఇంకా ఉందా అనో అడిగేవాళ్ళు. నడక కాస్తా బేరమైపోయేది. సైకిలు మీద పోతే ఎవరూ ఆపలేరు కదా అనుకున్నాడు.

మామూలు సైకిలు కొందామనే కొట్టుకు వెళ్ళాడు. అక్కడ మూలన ఒక ముదురెరుపు సైకిలు నిలబెట్టి ఉంది. లావుపాటి టైర్లు, వాటి నిండా గుబ్బలు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, అడ్డంగా తిన్నటి హ్యాండిలు, ఇరవై ఒక్క గేర్లు. కొండల్లో, రాళ్ళలో తొక్కే రకమని కొట్టువాడు చెప్పాడు. విజయవాడ బందరు రోడ్డు మీద తొక్కేవాడికి అది ఎందుకో ఆ కొట్టువాడూ చెప్పలేదు, ఇతనూ అడగలేదు. ఆ రంగు చూశాడు. ఇరవై ఏళ్ళుగా రంగులు చూస్తున్న కన్ను. చీర అంచును రెండు వేళ్ళ మధ్య పెట్టి చూసినట్టు ఫ్రేము మీద చెయ్యి పోనిచ్చి, ఇదే కట్టేయమన్నాడు.

తొక్కింది మాత్రం రెండు రోజులే. రెండో రోజు బెంజి సర్కిల్ దగ్గర ఆగబోతే కాలు నేలకందక, పాల వ్యాను ముందు నిదానంగా, ఎంతో మర్యాదగా ఒరిగిపోయాడు. దెబ్బ తగల్లేదు కానీ వ్యానువాడు దిగి లేపి, "పెద్దోరు, మీకెందుకండీ ఇయ్యన్నీ" అన్నాడు. ఆ మాట తగిలింది. సైకిలు మెట్ల కిందికి చేరింది.

పది పదిహేను రోజులయ్యాక ఒక ఉదయం అంకమ్మరావు లేచేసరికి కాఫీ లేదు. భార్య శివపార్వతి లేదు. మెట్ల కింద సైకిలూ లేదు. ఏం జరిగిందో అర్థం కాక గేటు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి వీధి చివర ఎర్రగా కనబడింది. పంజాబీ డ్రెస్సు, చున్నీ నడుముకు బిగించి ముడి, కాళ్ళకు కూతురి కాన్వాసు బూట్లు. చెమటతో మెరిసిపోతున్న ముఖంతో వచ్చి బ్రేకు వేసి దిగింది.

"బ్యారేజీ దాకా వెళ్ళొచ్చానండీ. గేరు మారుస్తుంటే భలే ఉంది" అంది.

అతను మొదట చూసింది సీటు వైపు. దాన్ని ఆమె తన ఎత్తుకు కిందికి దించేసింది. ఎవరిని అడిగి దించావని కోప్పడ్డాడు. ఆమె తాపీగా లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఆమెది కూడా పెడనే. ఆడపిల్లగా ఉన్నప్పుడు స్కూలుకు సైకిలు మీద వెళ్ళిన మాట అతనికి తెలుసు గానీ, ఆ పిల్ల ఇంకా ఆమెలో ఎక్కడో కాచుకు కూర్చుందని తెలియదు. నెల తిరిగేసరికి అంకమ్మరావు తన కోసం ఇంకో సైకిలు కొనుక్కోవలసి వచ్చింది. అది నీలం. సీటు విషయంలో ముందే గట్టిగా చెప్పి ఉంచాడు.

బ్యారేజీ మీదే శివపార్వతికి మణికుమార్ పరిచయమయ్యాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం, అక్కడే కాలనీలో కాపురం. సైకిలంటే ప్రాణం. చెయిను చప్పుడు విని ఏ పళ్ళ చక్రం అరిగిందో చెప్పేవాడు. ఆదివారాలు నలుగురైదుగురు స్నేహితులతో కొండపల్లి కొండల్లో తొక్కుతుంటాడు. ఆమె ఎర్ర సైకిలు చూసి, మేడమ్ ఇంత మంచి బండిని తారు రోడ్డు మీద తొక్కడం దానికి అవమానం, ఒకసారి కొండకు తీసుకురండి అన్నాడట. ఆ మాట ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆమెను ఒంటరిగా పంపడం ఇష్టం లేక అంకమ్మరావు బయల్దేరాడు. అలాగని అతను చెప్పుకునేవాడు. నిజానికి తనను వదిలేసి ఆమె ఏదో చూసొస్తుందన్న ఉక్రోషం కూడా కొంత ఉంది.

గొల్లపూడి, గుంటుపల్లి దాటి కొండపల్లి చేరేసరికి ఎండ పొడ వచ్చింది. అక్కడ అంకమ్మరావుకు తన గురించి ఒక కొత్త సంగతి తెలిసింది. కొండ ఎక్కడంలో అతన్ని కొట్టేవాడు లేడు. ముందు చిన్న పళ్ళ చక్రం, వెనక పెద్ద పళ్ళ చక్రం వేసుకుని, కొట్టులో పరుపు మీద కూర్చుని పేచీకోరు పార్టీకి చీర తర్వాత చీర విప్పి చూపించేటంత ఓపికగా, ఒక్కో తొక్కుడూ తొక్కుకుంటూ పైకి పోయాడు. కుర్రకారు ఉద్యోగులు మధ్యలో ఆగి రొప్పుతుంటే వాళ్ళను దాటి పోయాడు. పైన కోట గోడ పక్కన నిలబడితే దూరంగా కృష్ణ వెడల్పుగా మెరుస్తోంది. ఇటు థర్మల్ స్టేషన్ గొట్టాలు పొగ వదులుతున్నాయి. కింద రైలు పట్టాల మీద గూడ్సుబండి పాకుతోంది. అంకమ్మరావు గుండె నిండా గాలి పీల్చుకున్నాడు.

తర్వాత దిగడం వచ్చింది.

కోట వెనక నుంచి అడవిలోకి ఒక బాట దిగుతుంది. బొమ్మల కోసం పొణికి కర్ర కొట్టేవాళ్ళూ, మేకలవాళ్ళూ నడిచి నడిచి చేసిన బాట. గులకరాళ్ళు, వేళ్ళు, ఒకటి రెండు ఎండు వాగులు. నడిమధ్యలో మోకాటి ఎత్తు బండ ఒకటి అడ్డంగా ఉంటుంది. దాన్ని వీళ్ళంతా మెట్టు అంటారు. మణికుమార్ హెల్మెట్ పట్టీ బిగించుకుని ముందు దిగాడు. వెనకే మిగతావాళ్ళు. శివపార్వతి ఒక్క క్షణం బాటను చూసి, సీటు మీంచి లేచి, ఒళ్ళు వెనక్కి వేసి, చెట్ల మధ్యకు మాయమైంది. కింద నుంచి ఆమె నవ్వు వినపడింది.

పడుకోబోయే ముందు గ్యాసు మూసిందో లేదో ఒకటికి రెండుసార్లు చూసొచ్చే మనిషి ఆమె. రోడ్డు దాటేటప్పుడు అతని మోచెయ్యి పట్టుకునే మనిషి. అంకమ్మరావు ఆ ఖాళీ బాట వైపు చూశాడు. ఆ తర్వాత సైకిలు దిగి, రెండు బ్రేకులూ నొక్కి పట్టుకుని, దాన్ని నడిపించుకుంటూ కిందికి వచ్చాడు. అతను చేరేసరికి మిగతావాళ్ళు మజ్జిగ తాగడం కూడా అయిపోయింది.

అదే అలవాటైంది. వానాకాలం పోయింది, కార్తీకం పోయింది. ప్రతి ఆదివారం అందరికంటే ముందు ఎక్కేవాడు, అందరికంటే వెనక నడిచి దిగేవాడు. ఎవరూ వేళాకోళం చేయలేదు. మణికుమార్ ఒకసారి, సార్, మీరు సైకిలుకు మంచి టైర్లు కాదు, కాళ్ళకు మంచి బూట్లు కొనుక్కోవాలి అన్నాడు. అంకమ్మరావు నవ్వి ఊరుకుని, ఆ వారమే నిజంగా కొనుక్కున్నాడు. శివపార్వతి మాత్రం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తేది కాదు. అందరూ తనను మెచ్చుకుంటుంటే, ఎక్కడంలో ఆయన తర్వాతే ఎవరైనా అనేది. అలా అన్నప్పుడల్లా అతనికి సంతోషమూ వేసేది, ఒళ్ళూ మండేది.

మాఘమాసంలో ఒక ఆదివారం. కోట గోడ కింద బండ అంచుకు పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతున్నాయి. అందరూ నీళ్ళు తాగి, గ్రూపు ఫొటో తీసుకుని, దిగడానికి వరసగా బాట మొదట్లో నిలబడ్డారు. మణికుమార్ బ్యాచి ఇంకా హెల్మెట్లు పెట్టుకుంటోంది. శివపార్వతి అప్పుడే బయల్దేరి పది గజాలు పోయింది. అంకమ్మరావు ఆ రోజు ఎందుకో సైకిలు ఇంకా దిగలేదు. సీటు మీద కూర్చునే, ఒక కాలు రాయి మీద ఆనించి, చెప్పులో మట్టి దులుపుకున్నట్టు బూటు దులుపుకుంటున్నాడు. పైన కోతులు రెండు ఏ అరటిపండు కోసమో కొట్టుకుంటూ కొమ్మ ఊపాయి. కొమ్మ పోయి తేనెపట్టుకు తగిలింది.

మొదట మోటారు స్టార్టయినట్టు ఒక చప్పుడు. మణికుమార్ తల ఎత్తి చూసి, "సార్, పోనియ్యండి" అన్నాడు. అంతే అంకమ్మరావు విన్నది. చెవి మీద నిప్పురవ్వ పడ్డట్టయింది. రాయి మీది కాలు పెడలు మీదికి ఎప్పుడొచ్చిందో తెలియదు.

తర్వాత జరిగినదంతా అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తు. కింద ఏదో దడదడలాడుతోంది. పళ్ళు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ముందు ఎర్రగా ఏదో కనబడింది, అంతలో లేదు. అది భార్య అని ఆమె కేకతో తెలిసింది. ఒకచోట చక్రాల కింద చప్పుడు ఆగిపోయింది. ఆ కాసేపు అంతా ఎంతో ప్రశాంతంగా ఉంది. మళ్ళీ ధన్‌మని మొదలైంది. మెట్టు దాటింది అప్పుడేనని తర్వాత ఆమె చెబితే తెలిసింది.

బాట కింద ఊరి మొదట్లో రావమ్మ ఇల్లు. బొమ్మలు చేసే కుటుంబం వాళ్ళది. ఆమె వాకిట్లో గోనెపట్టా పరిచి, ఇంకా రంగు పడని కొయ్య ఏనుగులను ఎండబెడుతోంది. కొండ మీంచి ఒక పెద్దమనిషి హెల్మెట్‌తో, నోరు తెరుచుకుని, నీలం సైకిలు మీద ఊడిపడ్డాడు. ఏనుగులకు వెంట్రుకవాసి దూరంలో దూసుకుపోయి, పెరట్లో ఉన్న చెక్కపొట్టు కుప్పలో నడుం దాకా దిగబడి ఆగాడు.

తేనెటీగలు సగం దారిలోనే వెనక్కి పోయాయి. శివపార్వతి అతని వెనకే వచ్చి చేరింది. ఆమెకు భుజం మీద ఒక కాటు పడింది. మణికుమార్ వాళ్ళు సైకిళ్ళు అక్కడే పారేసి అటువైపు మెట్లదారిన పరిగెత్తారట; చుట్టు తిరిగి చాలాసేపటికి వచ్చారు. రావమ్మ గబగబా సున్నం తెచ్చి అంకమ్మరావు చెవికీ, మెడకూ పట్టించింది. చెవి అప్పటికే పూరీలా పొంగింది. పట్టించినంతసేపూ ఆమె పెదవులు బిగబట్టుకునే ఉంది. చివరికి ఆగలేక, "ఇంత తొందరేంటయ్యా, ఏనుగులెక్కడికీ పోవుగా" అని పక్కున నవ్వింది. శివపార్వతి పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుంది. అంకమ్మరావుకు నొప్పితో కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి, అయినా నవ్వు ఆగలేదు. నోట్లో చెక్కపొట్టు పడి దగ్గుతూ నవ్వాడు.

సోమవారం ఆ వాచిన చెవితోనే కొట్టు తెరిచాడు. పక్క కొట్టు సంజీవరావు చూసి ఏమైందన్నాడు. అంకమ్మరావు చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఆ కథకు కొంచెం జరీ పడింది. తేనెటీగలు రావడం చూసి తాను క్షణంలో ఆలోచించాడు. పెద్ద గేరు వేశాడు. మెట్టు దగ్గర ముందు చక్రం ఎత్తి దాటించాడు. సాయంత్రానికి అంచుతో పాటు పమిట కూడా పడింది. సంజీవరావు టీ తెప్పించి మరీ ఇంకో ఇద్దరికి చెప్పించాడు. సరిగ్గా అప్పుడే శివపార్వతి కొత్త సరుకులో చీర ఎంచుకోవడానికి కొట్టుకు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి మొత్తం విన్నది. ఒక వంగపండు రంగు చీర తీసుకుని, భర్తను చూసి చిన్నగా నవ్వి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు అంకమ్మరావును వారమంతా తినేసింది. అబద్ధం చెప్పినందుకు కాదు, వ్యాపారంలో ఆ మాత్రం అలవాటే. కొండ దిగాడు, కానీ ఆ దిగడంలో తాను లేడు. అన్నేళ్ళ భయం పోయే క్షణం వస్తే, ఆ క్షణంలో కళ్ళు తెరిచి చూసుకోలేదు. పెళ్ళి భోజనం అంతా జ్వరంతో తిన్నట్టుగా ఉంది.

తర్వాతి ఆదివారం పైకి వెళ్ళాక మణికుమార్ వాళ్ళను ముందు దిగిపొమ్మన్నాడు. వాళ్ళు వెళ్ళారు. కోతులు లేవు. తేనెటీగలు తమ పట్టు చుట్టూ తమ పని తాము చూసుకుంటున్నాయి. శివపార్వతి మాత్రం కదల్లేదు.

"నువ్వూ వెళ్ళు పార్వతీ" అన్నాడు.

"నేను మీ వెనక వస్తా. ముందుంటే మీరు నన్నే చూస్తారు, బాటను చూడరు."

అతను హ్యాండిలు బిగించి పట్టుకున్నాడు. తర్వాత, ఆమె వైపు చూడకుండానే, "మొన్న నేను చేసిందేమీ లేదు. మెట్టు దాటడం కూడా నాకు తెలియదు" అన్నాడు.

"తెలుసులెండి. నా పక్క నుంచి పోయేటప్పుడు మీ కళ్ళు మూసుకునే ఉన్నాయి" అంది శివపార్వతి. అని, అతని హెల్మెట్ పట్టీ కింద వేలు పెట్టి చూసి, ఇంకొంచెం బిగించింది. "రాయిని చూస్తే రాయి మీదికే పోతారు. ఎటు పోవాలో అటు చూడండి. బ్రేకులు నొక్కండి, కానీ పీక నొక్కినట్టు కాదు."

అంకమ్మరావు బయల్దేరాడు. మొదటి వాలులోనే కాలు దించాడు. మళ్ళీ ఎక్కాడు. వేళ్ళ దగ్గర మళ్ళీ దించాడు. ఎండు వాగులో ముందు చక్రం గులకరాళ్ళలో దిగబడి, పక్కనున్న ఎండుగడ్డిలోకి ఒరిగాడు. వెనక ఆమె కూడా ఆగింది. అతను లేచి మోచెయ్యి చూసుకున్నాడు. గీసుకుపోయింది, అంతే. పడితే ఇంతేనా అనిపించింది. నీళ్ళలో పడ్డ ఆ పిల్లవాడు ఇన్నేళ్ళుగా దీని గురించా చెబుతూ వచ్చింది అనిపించింది.

అక్కడి నుంచి బాట అతనికి కనబడటం మొదలైంది. ఒక బండను చుట్టి అది ఎలా వంపు తిరుగుతుందో చూశాడు. ఏ రాళ్ళు కదులుతాయో, ఏవి కదలవో చక్రం చెబుతోంది. స్ప్రింగులు కుంగి లేస్తున్నాయి; ఇన్నాళ్ళూ ఉత్త అలంకారమనుకున్నవి, దెబ్బలన్నీ తామే తింటున్నాయి. సీటు మీంచి లేచి ఒళ్ళు వెనక్కి వేశాడు, ఆమెలాగే.

మెట్టు దగ్గర మాత్రం ఆగాడు. పైనుంచి చూస్తే మోకాలు కాదు, మనిషెత్తు ఉన్నట్టుంది. దిగి నడిస్తే చూసేవాళ్ళెవరూ లేరు. ఉన్న ఒక్క మనిషీ ఎవరికీ చెప్పదు. ఆ సంగతి తనకు తెలుసని గుర్తించగానే ఎందుకో ధైర్యం వచ్చింది. సైకిలు నాలుగు అడుగులు వెనక్కి తీసుకున్నాడు. కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. బండ అంచు వచ్చింది, ముందు చక్రం గాల్లోకి వెళ్ళింది, ఆకాశం కొంచెం, ఆకులు కొంచెం, ఎక్కడి నుంచో పిట్ట కూత. అన్నీ చూశాడు, అన్నీ విన్నాడు. ధన్‌మని నేల వచ్చింది. అతను సైకిలు మీదే ఉన్నాడు.

తర్వాతంతా ఊరి దాకా తిన్నని వాలు. అంకమ్మరావు వేళ్ళు బ్రేకుల మీంచి తీసేశాడు. గాలి చొక్కాలో దూరి బుంగలా ఊదింది. ఇరవై ఏళ్ళుగా కొట్టులో గొంతు పెంచని మనిషి, కొండపల్లి అడవంతా వినపడేలా ఒక కేక పెట్టాడు. అందులో మాట ఏదీ లేదు. వెనక నుంచి శివపార్వతి కూడా కేక పెట్టింది. మేకలు కాసే ఒకాయన కర్ర మీద గడ్డం ఆనించుకుని, ఇద్దరు పెద్దవాళ్ళు అరుచుకుంటూ పోవడం శ్రద్ధగా చూశాడు.

కింద మణికుమార్ వాళ్ళు సైకిళ్ళు చెట్లకు ఆనించి, ఇబ్రహీంపట్నంలో ఇడ్లీలు అయిపోకముందే బయల్దేరాలని కాచుకుని ఉన్నారు. అంకమ్మరావు తొక్కుకుంటూ రావడం చూసి అందరూ ఎదురొచ్చారు. మణికుమార్ చెయ్యి కలిపి, ఆ చేతిని చాలాసేపు వదల్లేదు. ఇక పదండి సార్, ఇవాళ టిఫిను నాది అన్నాడు.

అంకమ్మరావు సీసాలో నీళ్ళు గటగటా తాగాడు. మిమ్మల్ని తర్వాత కలుస్తాం, మీరు పదండి అన్నాడు. నీలం సైకిలు ముందు చక్రాన్ని కొండ వైపు తిప్పాడు.

"ఎండెక్కుతోందండీ" అంది శివపార్వతి.

"ఎక్కనీ" అన్నాడు.

ఆమె బూటు తాడు బిగించుకుని, చున్నీ మళ్ళీ ముడివేసుకుంది. ఇద్దరూ చిన్న గేర్లు వేసుకుని ఎక్కడం మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక ఆమె, కాస్త నెమ్మదిగా పొమ్మని వెనక నుంచి అరిచింది. అతను వినపడనట్టే తొక్కాడు.